సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో ఎంజైమ్ పని చేయాలంటే

కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీల సెల్సియస్ దాటించి, 74 బార్లకు పైన పీడనంలో పట్టి ఉంచితే అది ఇక గ్యాసూ కాదు, ద్రవమూ కాదు. ఆ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు ఒక బారు. కాబట్టి 74 బార్లంటే మందపాటి స్టీలు పాత్ర కావాలి. వేడి మాత్రం పెద్దగా అక్కర్లేదు, మన ఊళ్లలో మధ్యాహ్నపు ఎండ చాలు. ఈ స్థితిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో కాఫీ గింజల్లోంచి కెఫీన్ లాగేస్తారు, మసాలా దినుసుల్లోంచి నూనెలు తీస్తారు. అవి పాత సంగతులే. 1985 నుంచి శాస్త్రజ్ఞులు ఇంకో పనికి కూడా దిగారు: అందులో ఎంజైములు పెట్టి రియాక్షన్లు నడపడం.

వినగానే కాస్త విడ్డూరంగానే ఉంటుంది. ఎంజైమ్ అంటే ప్రోటీన్. బతికున్న కణంలో, నీళ్ల మధ్య పుట్టినది. ఈ ద్రావకానికి నీళ్లంటే పెద్దగా పడదు. పైగా ప్రోటీన్ ఇందులో అస్సలు కరగదు. ఈ రెంటినీ ఒకే పాత్రలో ఎందుకు కూర్చోబెట్టాలి? "పర్యావరణానికి మంచిది, విషం కాదు, మంట అంటుకోదు" అని ఎక్కువమంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే గానీ అసలు కథ అందులో లేదు. అసలు కథంతా నీళ్ల దగ్గర ఉంది. ఎంజైమ్ చుట్టూ ఎంత తడి ఉంది, ఆ తడి ఎటు పోతోంది అన్నదాన్ని బట్టే ఇక్కడ గెలుపోటములు.

ముందు ఈ ద్రావకం సంగతి చూద్దాం. 1822లో ఫ్రాన్స్‌లో కాన్యార్ ద లా తూర్ అనే ఆయన తుపాకీ గొట్టంలో ద్రవం పోసి, ఒక చెకుముకి రాతి గుండు వేసి, మూసేసి వేడి చేశాడు. గొట్టం కదిపినప్పుడు గుండు ద్రవంలోకి పడే చప్పుడు వినిపించేది. ఒక వేడి దాటాక ఆ చప్పుడు మారిపోయింది. లోపల ద్రవానికీ ఆవిరికీ మధ్య హద్దు చెరిగిపోయిందని ఆయన చెవితో పట్టాడు. కార్బన్ డయాక్సైడ్ మీద పద్ధతిగా కొలతలు తీసి, ఆ మలుపుకు "క్రిటికల్ పాయింట్" అని పేరు పెట్టినవాడు బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన థామస్ ఆండ్రూస్, 1869లో. ఇప్పుడు చెవి అక్కర్లేదు, నీలమణి కిటికీలున్న చిన్న స్టీలు పాత్రలున్నాయి. లోపల సగం దాకా ద్రవ కార్బన్ డయాక్సైడ్, దాని మీద గీత గీసినట్టు ఉపరితలం. వేడి చేస్తుంటే ఆ గీత పలచబడుతుంది, క్రిటికల్ పాయింట్ దగ్గర లోపలంతా పాలు కలిపినట్టు మసకబారుతుంది, ఆ మసక విడిపోయేసరికి గీత ఉండదు.

ఆ తర్వాత దాని సాంద్రతను పీడనంతో మన ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. 40 డిగ్రీల దగ్గర 80 బార్లు పెడితే లీటరు బరువు సుమారు 280 గ్రాములు. 100 బార్లకు పెంచితే 630 గ్రాములు. 200 బార్ల దగ్గర 840. అంటే 80 నుంచి 100కు వెళ్లేలోపే సాంద్రత రెట్టింపు దాటిపోయింది. కరిగించుకునే శక్తి సాంద్రతతో పాటే పెరుగుతుంది, పీడనం దించితే పడిపోతుంది. నీళ్లకు గానీ, నూనెలు తీయడానికి వాడే హెక్సేన్ అనే ద్రావకానికి గానీ ఈ సదుపాయం లేదు. స్వభావంలో మాత్రం ఇది హెక్సేన్‌కు దగ్గరి చుట్టం: చిన్న ఎస్టర్లు, సువాసన పదార్థాలు బాగా కరుగుతాయి, కొవ్వులు ఎక్కువ పీడనం పెడితే కొంత కరుగుతాయి. చక్కెరలు, ఉప్పులు, ప్రోటీన్లు కరగవు.

ఇక ఎంజైమ్. ఈ రంగంలో ఎక్కువగా వాడేవి లైపేజ్‌లు, కొవ్వుల మీద పనిచేసే ఎంజైములు. మనకు ఇవి బాగానే పరిచయం. మిల్లులో బియ్యం పట్టాక తవుడును అలా వదిలేస్తే కొద్ది గంటల్లోనే అందులోని నూనె పాడవడం మొదలవుతుంది. తవుడులోనే ఉన్న లైపేజ్ నూనెను పట్టుకుని, తవుడులోని తేమతో దాన్ని కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. అందుకే తవుడు నూనె తీసేవాళ్లు మిల్లు నుంచి రాగానే తవుడును వేడి పెట్టి ఆ ఎంజైమ్‌ను చంపేస్తారు.

ఈ విడగొట్టే రియాక్షన్‌లో నీళ్లు ఒక ముడిసరుకు. నీళ్లు తీసేస్తే? రియాక్షన్ వెనక్కి నడుస్తుంది. అదే ఎంజైమ్ ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నూ కలిపి ఎస్టర్ తయారు చేస్తుంది. ఎంజైమ్ ఏ వైపునూ ఇష్టపడదు, రెండు వైపులా వేగం పెంచుతుందంతే. ఎటు పోవాలో నీళ్ల మోతాదు తేలుస్తుంది. నీళ్ల సముద్రంలో ఎస్టర్ నిలవదు. కాబట్టి ఎస్టర్లు కావాలంటే నీళ్లు లేని ద్రావకం కావాలి.

అరటిపండు వాసన ఇచ్చే ఐసోఅమైల్ అసిటేట్‌ను తీసుకుందాం. ఐసోఅమైల్ ఆల్కహాల్, అసిటిక్ యాసిడ్ కలిస్తే ఇది వస్తుంది, పక్కన ఒక నీటి అణువు వస్తుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి మరిగిస్తే చవగ్గానే తయారవుతుంది, కాలేజీ ల్యాబుల్లో పిల్లలు చేసేదే. మరి ఎంజైమ్ ఎందుకంటే, ముడిసరుకులు సహజమైనవై, తయారీ ఎంజైమ్‌తో అయితే చాలా దేశాల్లో ఆ ఫ్లేవర్‌ను "నేచురల్" అని అమ్ముకోవచ్చు. ధర అక్కడ మారిపోతుంది. తినే సరుకులో హెక్సేన్ ఆనవాళ్లు ఉండకూడదు, ఈ వాసన తేలిగ్గా ఎగిరిపోయే రకం కాబట్టి వేడి చేసి హెక్సేన్‌ను వెళ్లగొడితే దాంతోపాటు సరుకూ కొంత పోతుంది. కార్బన్ డయాక్సైడ్ మీదికి చూపు మళ్లింది అందుకే.

1985లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి ఈ దారి తెరిచాయి. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రాండాల్ఫ్, బ్లాంచ్, ప్రావ్స్‌నిట్జ్, విల్కీ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌ను సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో పనిచేయించారు. ఎంఐటీలో క్లిబనోవ్, ఆయన సహచరులు పాలీఫినాల్ ఆక్సిడేజ్‌తో ప్రయత్నించారు. కోసిన వంకాయ ముక్కలు నల్లబడేది ఈ జాతి ఎంజైమ్ వల్లే. క్లిబనోవ్ అంతకు ముందు ఏడాదే, 1984లో, జాక్స్‌తో కలిసి ఒక వింత చూపించి ఉన్నాడు: పంది క్లోమం నుంచి తీసిన లైపేజ్ 100 డిగ్రీల నీళ్లలో చూస్తుండగానే చచ్చిపోతుంది, అదే పొడిగా ఉన్న ఆర్గానిక్ ద్రావకంలో 100 డిగ్రీల దగ్గర గంటల తరబడి పనిచేస్తుంది. ఎంజైమ్‌కు నీళ్లు ప్రాణం అనుకుంటాం. వేడిలో దాన్ని విప్పేసి చంపేది కూడా ఆ నీళ్లే.

అలాగని పూర్తిగా ఎండబెట్టేస్తే కుదరదు. ప్రోటీన్ పనిచేయాలంటే కదలాలి. ముడిసరుకు లోపలికి వచ్చినప్పుడు ఎంజైమ్ గొలుసు కొద్దిగా సర్దుకోవాలి. ఆ కదలికకు తడి కావాలి. బాగా ఎండిన తాటాకును వంచితే విరుగుతుంది, కాస్త తడిపితే చెప్పినట్టు వంగుతుంది. ఎంజైమ్ పరిస్థితీ అదే. తేడా ఏమిటంటే ఇక్కడ కావలసిన తడి అతి స్వల్పం. ప్రోటీన్ చుట్టూ పూర్తిగా ఒక పొర కూడా అక్కర్లేదు, ముఖ్యమైన చోట్ల అంటుకున్న కొన్ని నీటి అణువులు చాలు. కొన్ని లైపేజ్‌లు ఇందులో మరీ పొదుపరులు. అందరూ వాడే కాండిడా అంటార్కిటికా లైపేజ్ బి దాదాపు ఎండిపోయిన చోట కూడా పనిచేస్తుంది. పేరుకు తగ్గట్టే ఆ ఈస్ట్ అంటార్కిటికా నుంచి వచ్చింది. మార్కెట్లో ఇది నోవోజైమ్ 435 పేరుతో, అక్రిలిక్ రెజిన్ పూసల మీద పట్టించి దొరుకుతుంది. పూస వ్యాసం మిల్లీమీటరు కూడా ఉండదు, చేతిలో పోసుకుంటే లేత రంగు రవ్వలా ఉంటుంది. ఒక గొట్టంలో ఈ పూసలు నింపి, పైనుంచి ముడిసరుకు కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే అదే రియాక్టర్.

ఇప్పుడు లెక్క చూడండి. 100 బార్లు, 40 డిగ్రీల దగ్గర కిలో కార్బన్ డయాక్సైడ్‌లో కరిగే నీళ్లు సుమారు రెండు గ్రాములు. మన అరటి ఎస్టర్ 130 గ్రాములు తయారైతే పక్కన 18 గ్రాముల నీళ్లు పుడతాయి. ఆ 18 గ్రాములను మోసుకుపోవాలంటే దాదాపు 9 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆ గొట్టంలోంచి పారాలి. అంత పారకపోతే నీళ్లు పూసల దగ్గరే పేరుకుంటాయి. అప్పుడు రెండు కష్టాలు. ఎస్టర్ మళ్లీ విడిపోవడం మొదలవుతుంది. రెండోది, పూస రంధ్రాల్లో నీళ్లు నిండితే ముడిసరుకు ఎంజైమ్ దాకా వెళ్లలేదు.

దీనికి ఎదురు కష్టం ఇంకొకటి. రియాక్షన్‌లో నీళ్లు పుట్టని సందర్భంలో పొడి కార్బన్ డయాక్సైడ్ గంటల తరబడి పారితే, ఎంజైమ్‌కు అంటుకుని ఉన్న ఆ కొన్ని నీటి అణువులనూ ఊడ్చుకుపోతుంది. మొదటి రోజు బ్రహ్మాండంగా నడిచిన రియాక్టర్ తర్వాత నెమ్మదిస్తుంది. ఎంజైమ్ చచ్చిపోయిందని పూసలు పారేయబోతారు. లోపలికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొద్దిగా తేమ చేసి పంపితే చాలాసార్లు వేగం తిరిగి వస్తుంది. అందుకే ఈ రంగంలో "ఎంత నీళ్లు కలిపారు" అని అడగడం సరైన ప్రశ్న కాదు. పూస, కార్బన్ డయాక్సైడ్, ముడిసరుకులు అన్నీ నీళ్ల కోసం పోటీపడతాయి. పోటీ తేలాక ఎంజైమ్ వాటాకు ఎంత మిగిలిందన్నదే లెక్క. దాన్నే నీటి యాక్టివిటీ అంటారు. పాత పేపర్లలో ఫలితాలు ఒకదానికొకటి పొసగకపోవడానికి సగం కారణం, ఈ కొలత లేకుండా కలిపిన నీళ్ల శాతం మాత్రం రాసి ఊరుకోవడమేనని నా అనుమానం.

నీళ్లు పుట్టకుండా చేసే ఉపాయాలున్నాయి. అసిటిక్ యాసిడ్‌కు బదులు అసిటిక్ అన్‌హైడ్రైడ్ వాడొచ్చు, వినైల్ అసిటేట్ వాడొచ్చు. వినైల్ అసిటేట్‌తో రియాక్షన్ వెనక్కి రానే రాదు. కాకపోతే పక్కన పుట్టే అసిటాల్డిహైడ్ ప్రోటీన్‌కు అంటుకుని దాన్ని పాడుచేయగలదు. పైగా "నేచురల్" లేబుల్ గోవిందా.

కార్బన్ డయాక్సైడ్ కూడా నోరు మూసుకుని పక్కన కూర్చునే ద్రావకం కాదు, దాని అల్లరి దానికుంది. ఎంజైమ్ పైభాగంలో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాల కొసలకు అతుక్కుని కార్బమేట్లు అనే సమ్మేళనాలు చేస్తుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్ కూడా తన అమైన్ కొసలకు కొంత కార్బన్ డయాక్సైడ్‌ను ఇలాగే తగిలించుకుని మోస్తుంది. ఆ అతుకు ఊడేదే, శాశ్వతం కాదు. కానీ అతుక్కుని ఉన్నంతసేపు ఎంజైమ్ ఆకారం, విద్యుదావేశం మారతాయి. పిట్స్‌బర్గ్‌లో కామత్, బెక్‌మన్, రసెల్ ఒకే లైపేజ్‌ను రకరకాల సూపర్‌క్రిటికల్ ద్రవాల్లో పరీక్షించినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌లో వేగం తక్కువగా కనిపించింది. దానికి వాళ్లు చూపిన ఒక కారణం ఈ కార్బమేట్లు. దీనికి తోడు ఆమ్లత్వం. ఇంత పీడనంలో కార్బన్ డయాక్సైడ్ తగిలిన నీళ్ల పీహెచ్ సుమారు 3కు పడిపోతుంది. ఎంజైమ్ చుట్టూ నీటి బొట్లు చేరితే అది కూర్చున్నది పుల్లటి సోడాలో అన్నమాట. మళ్లీ కథ నీళ్ల దగ్గరికే వచ్చింది.

పీడనం ఎంజైమ్‌ను నలిపేస్తుందేమో అని కొత్తగా వినేవాళ్లందరికీ వచ్చే సందేహం. 200, 300 బార్లు చాలా ఎంజైములకు పెద్ద లెక్కలోది కాదు. ప్రోటీన్‌ను కేవలం పీడనంతో విప్పాలంటే సాధారణంగా వేల బార్లు కావాలి. దెబ్బ తగిలేది పీడనం దించేటప్పుడు. పూస లోపల, ప్రోటీన్ సందుల్లో దూరిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఉబ్బి బయటికి వస్తుంది, గబుక్కున వాల్వు తిప్పితే ఎంజైమ్‌కూ పూసకూ నష్టం. రియాక్టర్ మూతకు వేసే రబ్బరు ఓ-రింగులదీ ఇదే గతి. పీడనంలో గ్యాసు పీల్చుకుని ఉన్న రింగు, తొందరపడి దించితే బొబ్బలెక్కి చీలుతుంది. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది రియాక్షన్ కాదు, ఓపికగా వాల్వు తిప్పడం.

ఇన్ని తంటాలున్నప్పుడు లాభమేమిటి? చాలా వ్యాసాలు మొదట చెప్పేది వ్యాపన వేగం. నిజమే, ఇందులో అణువులు మామూలు ద్రవాల్లో కంటే పది రెట్లకు పైగా చురుగ్గా కదులుతాయి. చిక్కదనం నీళ్లలో పదో వంతు ఉంటుంది. కాబట్టి పూస రంధ్రాల్లోకి ముడిసరుకు తేలిగ్గా దూరుతుంది. అయితే ఇది రవాణా ఆలస్యమవుతున్న చోటే పనికొస్తుంది. ఎంజైమ్ తన పనే నెమ్మదిగా చేస్తుంటే సరుకు ఎంత వేగంగా తెచ్చిపోసినా ఒరిగేదేమీ లేదు. వేగం కోసమే అయితే హెక్సేన్‌ను వదిలి ఇటు రావాల్సిన అవసరం చాలా రియాక్షన్లలో కనిపించదు.

అసలు లాభం రియాక్షన్ అయిపోయాక వస్తుంది. జీడిమెట్ల, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు: రియాక్షన్ ఒక ఎత్తయితే, సాల్వెంట్ రికవరీ ఇంకో ఎత్తు. డిస్టిలేషన్, డ్రైయింగ్, సరుకులో మిగిలిన సాల్వెంట్ పీపీఎమ్‌ల టెన్షన్. ఇక్కడ పూసల గొట్టం దాటాక ఒక వాల్వు ఉంటుంది. దాని అవతల పీడనం తక్కువ. కార్బన్ డయాక్సైడ్ సాంద్రత అక్కడ ఒక్కసారిగా పడిపోతుంది, ఇక దేన్నీ మోయలేదు. కరిగి ఉన్న ఎస్టర్ నూనెలా కింద పాత్రలోకి దిగుతుంది, గ్యాసు పైనుంచి మళ్లీ పంపుకు పోతుంది. ఎంజైమ్ కరగదు కాబట్టి వెనక గొట్టంలోనే ఉండిపోయింది, వడపోత లేదు. ఆ వాల్వు దగ్గర ఒక చికాకు ఉంది: గ్యాసు ఉబ్బేటప్పుడు బాగా చల్లబడి, లోపల డ్రై ఐస్ కట్టి దారి మూసుకుపోతుంది. అందుకే దానికి హీటర్ చుట్టి ఉంచుతారు. పీడనాన్ని రెండు మెట్లుగా దించితే మొదటి పాత్రలో ఒకటి, రెండో పాత్రలో ఇంకొకటి వేరుపడేలా కూడా చేసుకోవచ్చు.

దీనికి పైన ఇంకో విశేషం ఉంది, నాకు ఈ రంగంలో బాగా నచ్చేది. జపాన్‌లో మత్సుద, హరద, నకమురల బృందం ఒక ఆల్కహాల్‌లో అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే కుడి, ఎడమ రూపాలను లైపేజ్‌తో వేరు చేస్తూ పీడనం మార్చి చూసింది. ఎంజైమ్ అదే, ముడిసరుకులు అవే, పీడనం మారేకొద్దీ ఎంజైమ్ ఏ రూపాన్ని ఎంత గట్టిగా ఎంచుకుంటుందో మారుతూ వచ్చింది. మందుల తయారీలో ఒక రూపం పనిచేసి ఇంకోటి పనికిరాకుండా పోయే సందర్భాలెన్నో. అలాంటి చోట ద్రావకం మార్చకుండా పీడనంతోనే ఈ ఎంపికను సవరించగలగడం చిన్న విషయం కాదు. అదే బృందం బాసిల్లస్ మెగాటీరియం బ్యాక్టీరియా కణాలతో పిర్రోల్ అనే పదార్థానికి కార్బన్ డయాక్సైడ్‌ను అతికించింది కూడా. ద్రావకమే ముడిసరుకు కూడా అయిన సందర్భం అది.

మరి ఇంత బాగుంటే ఫ్యాక్టరీల్లో ఎందుకు కనిపించదు? పక్కనే ఉన్న కాఫీ కథతో పోల్చి చూస్తే తెలుస్తుంది. జర్మనీలోని ముల్‌హైమ్‌లో బొగ్గు పరిశోధన సంస్థలో కుర్ట్ జోసెల్ 1960లలో కనిపెట్టిన కెఫీన్ తీసే పద్ధతి పెద్ద ఎత్తున పరిశ్రమ అయింది. అక్కడ సరుకు టన్నుల్లో ఉంటుంది, పని ఒక్కటే, ఏళ్ల తరబడి మారదు. (అక్కడా నీళ్లదే పెత్తనం: పచ్చి గింజలను తడిపితే గానీ కెఫీన్ బయటికి రాదు.) ఎంజైమ్ రియాక్షన్లలో ప్రతి సరుకుకూ పీడనం, తేమ, పూస అన్నీ కొత్తగా తేల్చుకోవాలి. స్టీలు ఖరీదు, పంపుల కరెంటు, ప్రెషర్ వెసల్ అనుమతులు, గ్యాసు లీకైతే ఊపిరాడని ప్రమాదం, ఇవన్నీ కలిపితే చవక ఎస్టర్‌కు గిట్టుబాటు కాదు.

దీనికి గట్టి పోటీ ఇంకో వైపు నుంచి వచ్చింది. అసలు ద్రావకమే వద్దన్నారు కొందరు. జర్మన్ కంపెనీ ఈవోనిక్ క్రీముల్లో వాడే కొవ్వు ఎస్టర్లను ఇదే కాండిడా లైపేజ్ పూసలతో, ఏ ద్రావకమూ లేకుండా తయారుచేస్తోంది. ముడిసరుకులే ద్రవాలు, పుట్టిన నీళ్లను వాక్యూమ్ పెట్టి లాగేస్తారు. ముడిసరుకులు రెండూ ద్రవాలై, సరుకు వేడికి ఆగేదైతే కార్బన్ డయాక్సైడ్ ఊసు ఎత్తడం దండగ. "హరిత" అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. వాడే గ్యాసు ఎక్కువగా ఎరువుల, ఆల్కహాల్ ఫ్యాక్టరీల్లో ఎలాగూ వచ్చేదే కాబట్టి కొత్తగా తయారు చేసినట్టు కాదు. అలాగని వాతావరణం నుంచి తగ్గించినట్టూ కాదు. లెక్కకు వచ్చేది దాన్ని మళ్లీ మళ్లీ నొక్కడానికి అయ్యే కరెంటు.

2002లో జోసెల్ పనిచేసిన ఆ ముల్‌హైమ్ సంస్థలోనే మాన్‌ఫ్రెడ్ రీట్జ్ బృందం, స్పెయిన్‌లో పెడ్రో లోజానో బృందం విడివిడిగా ఒక చక్కని మార్గం చూపాయి. ఎంజైమ్‌ను అయానిక్ లిక్విడ్ అనే ద్రవరూప లవణంలో ఉంచి, పైనుంచి సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ పారించారు. కార్బన్ డయాక్సైడ్ ఆ లవణంలోకి బాగా దూరుతుంది, లవణం మాత్రం కార్బన్ డయాక్సైడ్‌లోకి రాదు. ముడిసరుకు లోపలికి వెళ్తుంది, సరుకు బయటికి వస్తుంది, ఎంజైమ్‌కు లవణం కవచంగా ఉంటుంది. లోజానో బృందం దీన్ని 150 డిగ్రీల దాకా నడిపింది. అయానిక్ లిక్విడ్ల ధర ఒక పెద్ద అడ్డు.

ఇది నిజంగా నిలబడగల చోటు నా లెక్క ప్రకారం కొత్త ఫ్యాక్టరీ కాదు, ఇప్పటికే కార్బన్ డయాక్సైడ్ తిరుగుతున్న ఫ్యాక్టరీ. మన దేశంలో మసాలా దినుసుల సారాలు తీసే కొన్ని కంపెనీల దగ్గర పంపులు, పాత్రలు, అనుమతులు అన్నీ ఉన్నాయి. దినుసులోంచి నూనె మోసుకొచ్చే గ్యాసు, పీడనం దించే వాల్వు దగ్గరికి చేరేలోపు మధ్యలో ఒక పూసల గొట్టం పెడితే తీయడం, మార్చడం ఒకే దారిలో అయిపోతాయి. ఆ గొట్టానికి ముందు చూసుకోవాల్సింది, దినుసు నుంచి వచ్చే తేమ ఎంత అన్నది. అది రోజుకో రకంగా, లాటుకో రకంగా ఉంటుంది. అక్కడ తేమ కొలిచే సెన్సార్, మధ్యలో తేమ పీల్చే ఒక బెడ్ పెట్టకపోతే మొదటి వారం వచ్చిన ఫలితం రెండో వారం రాదు.